పెద్దల పేరిట పిల్లల చదువు
పాఠకుల ప్రశ్నలకు జవాబులు

క్రైస్తవ సంఘంలో (చర్చిలో) కన్నుమూసిన పెద్దల పేరిట కాలేజీ స్కాలర్‌షిప్ పెట్టాలనుకునే కుటుంబాల నుంచి, దాన్ని నడుపుతున్న కమిటీల నుంచి వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా నాన్నగారి జ్ఞాపకార్థం సంఘానికి 5 లక్షలు ఇవ్వాలనుకుంటున్నాం. దాని వడ్డీతో ఏటా యవనస్తులకు సాయం చేయాలని ఆశ. ఎంత వస్తుంది? ఎవరి పేరిట వేయాలి? (తెనాలి)

జవాబు: ఆరున్నర శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి 32,500 రూపాయలు. అంతా పంచేయకండి. అసలు పెరగదు, ఫీజులు పెరుగుతాయి. ఐదో వంతు, అంటే 6,500, అసలులో కలిపేస్తే పంచడానికి 26,000 మిగులుతుంది. ఇద్దరికి తలా 13,000. నలుగురికి ముక్కలు చేస్తే ఎవరికీ ఆసరా కాదు.

ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసేటప్పుడు ఏటా గానీ, మూడు నెలలకోసారి గానీ వడ్డీ చేతికొచ్చే రకం అడగండి. వడ్డీ అసలులో కలిసిపోయే రకం తీసుకుంటే గడువు తీరేదాకా పైసా రాదు. జూన్‌లో ఫీజు కోసం మధ్యలో తీస్తే బ్యాంకు వడ్డీలో కోత పెడుతుంది. ఇంకో సంగతి చాలామందికి తట్టదు: ఈ జూన్‌లో డబ్బు వేస్తే ఈ జూన్‌లో ఇవ్వడానికి వడ్డీ ఉండదు. మొదటి ఏడాది స్కాలర్‌షిప్ సొమ్ము దాత విడిగా ఇవ్వాలి, లేదా వచ్చే ఏడాది నుంచి మొదలని ముందే చెప్పాలి. అలా చేయకపోతే అసలులో చెయ్యి పెట్టడం ఇక్కడే మొదలవుతుంది.

డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటుదారుకు అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే. సంఘానికి అదే బ్యాంకులో వేరే డిపాజిట్లుంటే, ఏ బ్రాంచిలో ఉన్నా అన్నీ కలిపే లెక్క. రెండు బ్యాంకుల్లో సగం సగం వేయడం మేలు.

పాస్టరుగారి సొంత పేరిట మాత్రం వేయొద్దు. ఆయన మీద అనుమానంతో చెప్పే మాట కాదిది. ఆ వడ్డీ ఆయన పాన్ మీద ఆయన ఆదాయంగా పడుతుంది, ఆయన బదిలీ అయితే సంతకాల తంటా, జరగరానిది జరిగితే డబ్బు వారసుల మధ్యకు పోతుంది. సంఘానికి రిజిస్ట్రేషన్, పాన్ ఉంటే సంఘం పేరిటే, ఇద్దరి సంతకాలతో వేయండి. బ్యాంకు కమిటీ తీర్మానం నకలు, నిబంధనావళి, సంతకందారుల ఆధార్ అడుగుతుంది. రిజిస్ట్రేషన్ లేని స్వతంత్ర సంఘమైతే 2001 నాటి సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురితో నమోదు చేయించుకోవచ్చు.

చెక్కుతో పాటు ఒక ఉత్తరం ఇవ్వండి: ‘ఈ మొత్తం మూలనిధిగా ఉండాలి, వడ్డీ మాత్రమే చదువుల సాయానికి వాడాలి’ అని. ఆ వాక్యం లేకపోతే ఆడిటర్ దాన్ని మామూలు కానుకల్లో కలిపేస్తాడు. పదేళ్ళ తర్వాత ప్రహరీగోడకు ఖర్చయిందని తెలిసినా అడగడానికి కాగితం ఉండదు.

ప్రశ్న: మా సంఘం ఒక్కొక్కరికి 12 వేలు ఇస్తోంది. ఇంజనీరింగ్ ఫీజు ముందు అది ఏ మూలకు? (ఖమ్మం)

జవాబు: ఫీజుకు ఇవ్వడమే అసలు పొరపాటు. అర్హులైన పిల్లలకు రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. తెలంగాణలో ఈపాస్ వెబ్‌సైట్‌లో, ఆంధ్రలో జ్ఞానభూమి వెబ్‌సైట్‌లో దరఖాస్తు. మీ 12 వేలు ఆ ఫీజు బాకీలో కలిస్తే అయిపూ అజా ఉండదు.

ప్రభుత్వ సొమ్ము ఆలస్యమయ్యే చోట, అసలే రాని చోట మీ డబ్బు విలువైనది. కౌన్సెలింగ్‌లో సీటొచ్చిన వారంలో కాలేజీలో చేరడానికి కట్టాల్సినవి, హాస్టల్ అడ్వాన్సు, నర్సింగ్ పిల్లలకు యూనిఫాం, ల్యాబ్ కోటు, పాలిటెక్నిక్ వాళ్ళకు డ్రాయింగ్ సామాను, పరీక్ష ఫీజు, బస్ పాస్. 3 వేల పరీక్ష ఫీజు గడువులోగా కట్టలేక సెమిస్టర్ పోగొట్టుకునే పిల్లలున్నారు. కాబట్టి మూడింట రెండు వంతులు చేరేటప్పుడు, మిగతాది రెండో సెమిస్టర్ పరీక్ష ఫీజు నోటీసు పడ్డప్పుడు ఇవ్వండి. కాలేజీకి, హాస్టల్‌కు కట్టేవి నేరుగా వాళ్ళ ఖాతాలోకే పంపండి. పుస్తకాలు, సామాను అయితే విద్యార్థి సొంత ఖాతాలో వేసి నెలలోగా రసీదులు తీసుకోండి.

దరఖాస్తు ఫారంలోనే ‘రీయింబర్స్‌మెంట్‌కు దరఖాస్తు చేశావా?’ అని అడగండి. ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారు, వారి సంతానం బీసీ-సీ (వెనకబడిన తరగతుల్లో సి గ్రూపు) కిందికి వస్తారు. ఆ సర్టిఫికెట్‌తో దరఖాస్తు చేసుకోవచ్చని తెలియని ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ఫారం నింపించడానికి కమిటీలో ఒకరు ఓ శనివారం కూర్చుంటే, 12 వేల కన్నా పెద్ద సాయమే.

ప్రశ్న: ప్రతిసారీ సంఘ పెద్దల పిల్లలకే ఇస్తున్నారని గొడవ. ఎంపిక ఎలా? (ఊరు రాయలేదు)

జవాబు: నియమాలు దరఖాస్తులు పిలవకముందే రాసి, నోటీసు బోర్డులో పెట్టాలి. వచ్చాక రాస్తే ఎవరి కోసమో రాసినట్టే ఉంటుంది. కమిటీలో ఐదుగురు చాలు: పాస్టరు, కోశాధికారి, స్త్రీల సమాజం నుంచి ఒకరు, ఉపాధ్యాయులొకరు, దాత కుటుంబం నుంచి ఒకరు. ఎవరి బంధువు దరఖాస్తు పెడితే వాళ్ళు ఆ ఏడాది కూర్చోకూడదు, ఆ సంగతి మినిట్స్‌లో రాయాలి.

నూరు మార్కుల లెక్క ఒకటి పెట్టుకోండి. మా సలహా: కుటుంబ ఆదాయానికి 40, ఇంటర్ మార్కులకు 25, ఇంట్లో కాలేజీ మొఖం చూసిన మొదటి బిడ్డ అయితే 20, తల్లి గానీ తండ్రి గానీ లేకపోతే 15. మార్కులకే పెద్దపీట వేస్తే కార్పొరేట్ కాలేజీలో చదివించగలిగిన ఇంటికే పోతుంది. కాగితాలు నాలుగు చాలు: ఇంటర్ మెమో, సీటు అలాట్‌మెంట్ ఉత్తర్వు, ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ.

ఫలితం చెప్పేటప్పుడు పేర్లు చాలు. ఆదాయం, కులం, తండ్రి లేడన్న సంగతి ఆరాధనలో చదవొద్దు, వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. పెద్ద సైజు అట్టచెక్కు పట్టించి ఫొటోలు తీయడం కూడా మాకు నచ్చదు.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్ నుంచి ఏటా డబ్బు పంపుతానంటున్నాడు. నేరుగా సంఘం ఖాతాకు పంపొచ్చా? (ఒంగోలు)

జవాబు: మీ అబ్బాయి పాస్‌పోర్టు ఏ దేశానిదో చూడండి. భారత పౌరుడిగానే ఉంటే, తన సంపాదన బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళం కిందికి రాదు. పాస్‌పోర్టు నకలు సంఘం ఫైల్లో ఉంచండి. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డున్నా (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే కార్డు) సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి లేని సంఘం పుచ్చుకోకూడదు. అనుమతి ఉన్నా ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాకే రావాలి. అనుమతి ఉన్న వేరే సంస్థ తీసుకుని మీ సంఘానికి బదిలీ చేయడం 2020 సవరణతో కుదరదు. అందుకే ఆ దారి ఎవరైనా చూపిస్తే వద్దనండి.

ప్రశ్న: విరాళానికి 80జి రసీదు (దాతకు ఆదాయపు పన్ను తగ్గింపుకు పనికొచ్చేది) ఇస్తారా? (విశాఖపట్నం)

జవాబు: మా సంఘం పిల్లలకే అని రాసుకున్న నిధికి రాదు. ఒక మతానికే పరిమితమైన సంస్థలకు ఆ సెక్షన్ వర్తించదు. ఎస్సీ, ఎస్టీ, వెనకబడిన తరగతులు, స్త్రీలు, పిల్లల కోసం పెట్టిన నిధికి ఈ అడ్డు నుంచి మినహాయింపు ఉంది. రసీదు ముఖ్యమనుకుంటే, ‘మా మండలంలోని పేద విద్యార్థినులకు’ అని విడిగా ట్రస్టు పెట్టి, పన్ను శాఖలో నమోదు చేయించాలి. 2 వేలకు మించి నగదుగా ఇచ్చినా, దాత కొత్త పన్ను విధానంలో ఉన్నా ఎలాగూ తగ్గింపు లేదు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం కాబట్టి సెక్షన్ నంబర్లు ఆడిటర్‌తో సరిచూసుకోండి. పాతిక వేల విరాళం కోసమైతే ఇంత పెట్టుకోకండి.

ప్రశ్న: స్కాలర్‌షిప్ పొందిన అమ్మాయి హైదరాబాద్ హాస్టల్‌లో ఉంది. మన ఆరాధనకు రావడం లేదని రెండో ఏడాది ఆపమంటున్నారు. ఒక సబ్జెక్టు కూడా పోయింది. (నంద్యాల)

జవాబు: నియమాల్లో హాజరు షరతు రాసి ఉందా? లేకపోతే మధ్యలో పెట్టకూడదు. ఉన్నా, అక్కడ వెళ్ళే చర్చి పాస్టరు నుంచి ఒక ఉత్తరం తెప్పించుకుంటే సరిపోతుంది. ఒక సబ్జెక్టు పోయినందుకు ఆపొద్దు, సప్లిమెంటరీ ఫీజు కట్టండి. వరుసగా రెండు సెమిస్టర్లలో మూడేసి సబ్జెక్టులు పోతే అప్పుడు పిలిచి మాట్లాడండి. చదువు మానేస్తే ఇంకా ఇవ్వని మొత్తం నిధిలో ఉంచి, ఇచ్చింది మాత్రం తిరిగి అడగకండి.