ధ్యానం, మిథ్ చదువుతానంటున్న అమ్మాయికి ఏ కోర్సు?

ప్రశ్న: మా అమ్మాయి బి.ఏ. ఇంగ్లీషు లిటరేచర్ చివరి సంవత్సరంలో ఉంది. క్రైస్తవ ధ్యాన సంప్రదాయాన్నీ, మిథ్ (పురాగాథ) సిద్ధాంతాలనూ కలిపి చదువుతానంటోంది. మా నాన్నగారు పాస్టరు. 'ముసలమ్మ ముచ్చటలను విసర్జించి' అని వాక్యం చెబుతుంటే వాటి మీద డిగ్రీ ఏమిటని ఆయన కోపం. ఉద్యోగం వస్తుందా అని నా దిగులు.
- ఒక తండ్రి, గుంటూరు జిల్లా

జవాబు: మీ నాన్నగారు చూపిన వచనంతోనే మొదలుపెడదాం. మొదటి తిమోతి 4:7లో మన తెలుగు బైబిలు 'ముచ్చటలు' అన్నచోట గ్రీకు మూలంలో ఉన్న మాట 'మూథోస్'. మిథ్ అన్న పదం దాని నుంచే వచ్చింది. అదే వచనం చివర 'దేవభక్తి విషయములో నీకు నీవే సాధకము చేసికొనుము' అని ఉంది కనుక, మీ అమ్మాయి కోరుకున్న రెండు అంశాలూ అక్కడే పక్కపక్కన ఉన్నాయి. అయితే ఆ లేఖ వదిలిపెట్టమన్నది వట్టి కట్టుకథలను. నేటి పండితులు మిథ్ అన్నప్పుడు ఒక సమాజం తన పుట్టుకను, పాపాన్ని, మరణాన్ని అర్థం చేసుకోవడానికి చెప్పుకున్న కథ అనే అర్థంలో వాడతారు. ఈ తేడా ఇంట్లో వివరించి చెబితే సగం గొడవ సద్దుమణుగుతుంది.

ఈ రెండూ ఎక్కడ కలుస్తాయో ఒక్క ఉదాహరణ చెబుతాను. అపొస్తలుల కార్యములు 1:9లో ఒక మేఘము యేసును కొనిపోతుంది. పైన పరలోకం, నడుమ భూమి, కింద పాతాళం అన్న ప్రాచీనుల లోకచిత్రాన్ని నేటి మనిషి యథాతథంగా నమ్మలేడని, అలాగని ఆ కథలను పారేయకుండా అవి మనిషి బతుకు గురించి చెప్పే అర్థాన్ని వెలికితీయాలని జర్మన్ పండితుడు రుడాల్ఫ్ బుల్ట్‌మన్ 1941లో వాదించారు. ఆయనకు దాదాపు ఆరువందల ఏళ్ల ముందే, 14వ శతాబ్దపు ఇంగ్లండులో 'ది క్లౌడ్ ఆఫ్ అన్‌నోయింగ్' రాసిన పేరు తెలియని ధ్యాని, 'పైకి' అన్న మాటను శరీరపరంగా తీసుకుని ఆకాశంలోకి చూస్తూ కూర్చోవద్దని, ఆత్మ సంబంధంగా పరలోకం పైన ఎంత దగ్గరో కింద కూడా అంతే దగ్గరని శిష్యుడికి చెప్పాడు. యేసు ఆరోహణం జరిగిందన్న నమ్మకాన్ని మాత్రం ఆ ధ్యాని వదులుకోలేదు. సిద్ధాంతం చదివితే విశ్వాసం పోతుందన్న భయానికి ఇంతకన్నా మంచి జవాబు నాకు తెలియదు.

ఇక కోర్సు సంగతి. క్రైస్తవ వేదాంత డిగ్రీలిచ్చే శ్రీరాంపూర్ సెనేట్ కింద హైదరాబాదులోని ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ వంటివి నడిపే బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) ప్రధానంగా సంఘ పరిచర్యకు తయారుచేసే చదువు. మద్రాసు విశ్వవిద్యాలయంలో క్రైస్తవ అధ్యయన శాఖ, విశ్వభారతిలో తత్వశాస్త్రంతో కలిసిన తులనాత్మక మత అధ్యయన శాఖ ఉన్నాయి. అధ్యాపక ఉద్యోగాలకు అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్‌లోనూ 'కంపేరటివ్ స్టడీ ఆఫ్ రెలిజియన్స్' ఒక సబ్జెక్టే. కానీ మన రెండు రాష్ట్రాల డిగ్రీ కాలేజీల్లో ఆ శాఖ ఉండటం అరుదు, పోస్టులూ అరుదే. అందువల్ల ఆమె ఇంగ్లీషులోనే, ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం)లోనో హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలోనో ఎం.ఏ. చేయడం మేలని నా అభిప్రాయం. మిథ్ సిద్ధాంతానికి సాహిత్య విమర్శలో పాత ఇల్లే ఉంది: బైబిలును సాహిత్యంగా చదివిన కెనడా విమర్శకుడు నార్త్రప్ ఫ్రై స్వయంగా అభిషిక్త పాస్టరు. ఇంగ్లీషు నెట్ పాసైతే లెక్చరర్ పోస్టులకు దారి ఉంటుంది. అదే పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్‌తో ఇదే అంశం మీద పీహెచ్‌డీ చేసుకోవచ్చు.

ధ్యానం మాత్రం ఏ డిగ్రీతోనూ రాదు. పన్నెండో శతాబ్దపు సన్యాసి రెండవ గ్విగో చెప్పిన నాలుగు మెట్లు, అంటే పఠనం, మననం, ప్రార్థన, మౌన దర్శనం, రోజూ ఒక చిన్న వాక్యభాగంతో ఇంట్లోనే అభ్యసించవచ్చు. సెలవుల్లో తమిళనాడులో కావేరి ఒడ్డున 1950లో మొదలైన శాంతివనం ఆశ్రమంలో కొన్నాళ్లు ఉండి రావచ్చు. అది కేథలిక్ ఆశ్రమం కనుక ముందుగా తాతగారితో మాట్లాడి వెళ్లడం మంచిది.

పరిశోధనకు గ్రీకు తప్పదు. తాతగారు బి.డి. చదివినవారైతే అక్షరాలు ఆయనే నేర్పగలరు. ఆ తిమోతి వచనంతోనే పాఠం మొదలుపెట్టమనండి.