చదునుపాదం ఆపరేషన్‌లో పిన్నా, ప్లేటా? ఒక జూనియర్‌కి ఉత్తరం

విశాఖపట్నం

అమ్మా,

పాడేరు నుంచి వచ్చిన పదకొండేళ్ల బాబుకి మడమ ఎముక కోశాక కె-వైర్ (ఎముకలోకి దించే సన్నని లోహపు పిన్) వేయనా, స్క్రూలతో బిగించే ప్లేట్ పెట్టనా, ఏమీ లేకుండా వదిలేయనా అని అడిగావు. నొప్పి లేని ఫ్లెక్సిబుల్ ఫ్లాట్‌ఫుట్‌కి (బిగుసుకుపోకుండా మెత్తగా కదిలే చదునుపాదానికి) కత్తి పట్టకూడదు, అమ్మానాన్నలు ఎంత టెన్షన్ పడినా సరే. ఈ బాబు మునివేళ్ల మీద లేస్తే పాదంలో వంపు వస్తోంది, కానీ లోపలి అంచున కాయ కాసింది, చెప్పులో వేసే ఇన్సోల్స్ వాడినా నొప్పి తగ్గలేదు, బడికి నడవలేకపోతున్నాడు అన్నావు. అలాగైతే చెయ్యాల్సిందే.

సర్జన్ ఇవాన్స్ 1975లో రాసిన పద్ధతినే మరో సర్జన్ మోస్కా 1995లో సవరించి చెప్పాడు. కాల్కేనియో క్యూబాయిడ్ కీలుకి (మడమ ఎముక దాని ముందున్న క్యూబాయిడ్ ఎముకతో కలిసే చోటు) ఒకటిన్నర సెంటీమీటర్లు వెనకగా మడమ ఎముకను కోసి, తెరిచి, ఆ సందులో ఎముక ముక్క (గ్రాఫ్ట్) కూర్చోబెట్టడం. పాదం బయటి వైపు పొడవు పెరిగేసరికి టేలస్ (చీలమండ ఎముక) కింద ఉన్న ఎముకలన్నీ తిరిగి లోపలికి వస్తాయి. పాదాన్ని సరిచేసేది ఈ పొడవే. పిన్నూ ప్లేటూ దాన్ని కాపాడతాయంతే. అందుకే ఏది గట్టిది అని కాకుండా, ఏది దేన్ని పట్టుకుంటుంది అని చూడు.

సందు తెరిచినప్పుడు బయటి వైపు కండ, లిగమెంట్లు బిగుసుకుంటాయి. ఆ బిగువుకే గ్రాఫ్ట్ నొక్కుకొని కూర్చుంటుంది. పిల్లల్లో ఏ ఫిక్సేషన్ లేకుండానే అతుక్కోవడానికి కారణం అదే. అసలు జారేది గ్రాఫ్ట్ కాదు, దాని ముందున్న ముక్క. సందుని వెడల్పు చేసే స్ప్రెడర్ తెరుస్తూ సీ-ఆర్మ్‌లో (ఆపరేషన్ మధ్యలో చూసే ఎక్స్‌రే) పక్క నుంచి చూడు, మడమ ముందు ముక్క క్యూబాయిడ్ మీదుగా పైకి లేస్తుంటుంది. అక్కడే చెయ్యి ఆపాలి. ఆ కీలు అలాగే జారి ఉండిపోతే రేపు అరుగుదల, నొప్పి.

కె-వైర్ గొప్పతనం ఇక్కడే. సందు తెరవకముందే పాదం ముందు వైపు నుంచి క్యూబాయిడ్ గుండా, కీలు దాటించి, కోత అంచు వరకు తెచ్చి ఆపు. కీలు తాళం పడుతుంది. అప్పుడు తెరువు, గ్రాఫ్ట్ పెట్టు, ఆ తర్వాత అదే వైర్‌ని గ్రాఫ్ట్ గుండా వెనక ముక్కలోకి నడిపించు. తెరిచాక వైర్ వేద్దాంలే అనుకుంటే, జారిన కీలునే జారిన చోట బిగించినట్టవుతుంది.

ప్లేట్ సంగతి వేరు. అది కోతకి ఇటూ అటూ పట్టుకుంటుంది, సందు కుంగకుండా చూస్తుంది. ముందున్న కీలుని మాత్రం పట్టుకోదు. ప్లేట్ వేశాను కదా అని పక్క నుంచి ఎక్స్‌రే చూడకుండా కుట్లు వేయకు. చర్మం పలచగా ఉండే చోటు, పైన పెరోనియల్ టెండన్లు (కాలి బయటి వైపు కండరాల నరాల్లాంటి తాళ్లు) నడుస్తాయి. ఒరిపిడి మొదలైతే తీయడానికి మళ్లీ మత్తు ఇవ్వాలి. బరువైన యువకులకీ, పెద్దవాళ్లకీ, ఎముక నిదానంగా అతుక్కునే చోట ప్లేట్‌నే ఎంచుకుంటాను. పిల్లలకి వైర్.

వైర్‌కీ కష్టం ఉంది. చివర చర్మం బయట ఉంటే ఓపీలోనే లాగేయొచ్చు గానీ, తడి తగిలితే పిన్ చోట చీము పడుతుంది. మన ఊరి ఉక్కపోతలో పిండికట్టు లోపల చెమట సంగతి నీకు చెప్పక్కర్లేదు. ఘాట్ రోడ్డు దిగి వారం వారం రాగలరా అని వాళ్ల అమ్మని కూర్చోబెట్టి అడుగు. రాలేమంటే మొదటి రోజుల్లో వార్డులోనే ఉంచు, లేదా ఇక్కడ ఉన్న చుట్టాల ఇంట్లో ఉండేలా మాట్లాడు. ఆరు వారాలకి ఎక్స్‌రే చూసి వైర్ తీయి. ఎనిమిది వారాల దాకా కాలు నేల మీద మోపనివ్వకు.

మడమ ఎముకను వెనక కోసి లోపలికి జరిపే ఆపరేషన్‌కి ఇంత ఆలోచన అక్కర్లేదు, స్క్రూ చాలు. తల ఉన్న స్క్రూ మడమ వెనక గుచ్చుకుంటుంది, హెడ్‌లెస్ మేలు. ఆర్థ్రోఎరైసిస్ అని సైనస్ టార్సైలో (టేలస్‌కీ మడమ ఎముకకీ మధ్య ఉండే సందు) చిన్న ఇంప్లాంట్ పెట్టేది కూడా ఉంది. కోత చిన్నదే, కాకపోతే అక్కడే నొప్పి వచ్చి తీయాల్సి రావడం దాంట్లో ఎక్కువగా చూసే ఇబ్బంది. కాయ కాసేంత వంకరకి నేనైతే దాన్ని నమ్ముకోను.

ఇంకో రెండు మాటలు. ఆ పెరోనియల్ టెండన్లు రెండింటిలో పెరోనియస్ బ్రెవిస్‌ని పొడిగించు, లాంగస్ జోలికి వెళ్లకు. బొటనవేలి మెటాటార్సల్‌ని (వేలి వెనకున్న పొడవాటి ఎముక) కిందికి నొక్కేది లాంగసే. గ్రాఫ్ట్ కూర్చున్నాక మోకాలు చాపి పాదం పైకి వంచి చూడు. పది డిగ్రీలు రాకపోతే పిక్క బిగుసుకుందనే లెక్క, అదే సిట్టింగ్‌లో పొడిగించు. దాన్ని వదిలేస్తే ఎంత మంచి ఫిక్సేషన్ అయినా వంకర తిరిగి వస్తుంది. మడమ సర్దుకున్నాక పాదం ముందు భాగం బొటనవేలి వైపు పైకి లేచి కనిపిస్తే, మీడియల్ క్యూనిఫామ్ (పాదం మధ్యలో లోపలి వైపు చిన్న ఎముక) కూడా కోయాల్సి రావచ్చు. ఆ పరికరాలు ముందే ట్రేలో పెట్టమని సిస్టర్‌తో చెప్పు.

నువ్వు పంపినవి పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలు. వాటితో కొలతలు తేలవు. బాబుని నిలబెట్టి ఎదురుగా, పక్కగా తీయించి పంపు. కోత ఎక్కడ, గ్రాఫ్ట్ ఎంత అన్నది కలిసి గీసుకుందాం.