మేత మార్చే ముందు ఒక్క క్షణం ఆగు, తల్లీ

చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

ఉద్యోగం మానేసి ఊళ్లో కోళ్లు, గేదెలు పెడుతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. వాడి గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. నాకు మాత్రం ముందు సంతోషమే వేసింది. మూతపడ్డ మన గొడ్ల చావిడి తలుపు నీ చేతుల మీదుగా తెరుచుకుంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. రాత్రి పడుకున్నాక భయం పట్టుకుంది. షెడ్డు, బ్యాంకు లోను, అమ్మకం అన్నీ లెక్కలు వేసుకున్నావట. మేత సంగతి అడిగితే "ఫీడ్ కంపెనీవాళ్లు చూసుకుంటారు" అన్నావట. కంపెనీవాళ్లు బస్తా అమ్ముతారమ్మా. ఆ బస్తా ఏ పొట్టలోకి వెళుతుందో, అక్కడ ఏమవుతుందో చూసుకోవాల్సింది నువ్వే. నా సర్వీసంతా పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగానే గడిచింది. గొంతువాపుకీ గాలికుంటుకీ టీకాలున్నాయి. మేత తేడా చేసి మా గుమ్మంలోకి వచ్చిన పొట్టల్లో చాలావాటికి మాత్రం ఏ టీకా లేదు.

షెడ్డు పొడవు తూర్పు పడమరలుగా ఉండేట్టు కట్టించు. టీకాల తేదీలు గోడకి అంటించు. నీళ్ల తొట్టి రోజూ కడిగించు. పెరటి కోళ్లకైతే రాజేంద్రనగర్ పరిశోధన సంస్థవాళ్ల వనరాజా, గ్రామప్రియ మంచివి. ఇవన్నీ ఎవరైనా చెబుతారు. నేను పొట్ట సంగతి చెబుతాను.

కోడికి పళ్లుండవు. మింగిన గింజ మెడ కింద సంచిలో నానుతుంది, తర్వాత జీర్ణరసాలు కలిసి కందనకాయలో నలుగుతుంది. ఆ నలగడానికి లోపల చిన్న చిన్న రాళ్లు కావాలి. పెరట్లో తిరిగే కోడి వాటిని తనే ఏరుకుంటుంది. షెడ్డులో మూసి గింజలు వేస్తే మాత్రం సన్నటి రాతి రవ్వ నువ్వే పెట్టాలి. తిన్నది కొద్ది గంటల్లోనే బయటికి వచ్చేస్తుంది కాబట్టి, గేదెలాగా పీచును నానబెట్టి పులియబెట్టుకునే తీరిక దాని పొట్టకి లేదు. ఖర్చు కలిసొస్తుందని పీచు నిండిన తవుడు ఎక్కువ కలిపేవాళ్లని చూశాను. కోడి పొట్ట నిండుతుంది, గుడ్డు ఆగిపోతుంది.

పిల్లల దాణా వేరు, గుడ్లు పెట్టే కోళ్ల దాణా వేరు. పిల్లలకి మాంసకృత్తులు 20 శాతం దాకా కావాలి, కాల్షియం 1 శాతం చాలు. పెట్టలకి మాంసకృత్తులు 16 నుంచి 18 శాతం ఉంటే సరిపోతుంది గానీ కాల్షియం 3.5 శాతానికి తగ్గకూడదు. పెట్టల దాణా మిగిలింది కదా అని పిల్లలకి వేశావో, ఆ సున్నం వాటి మూత్రపిండాలని పాడుచేస్తుంది. ఒక్క గుడ్డు పెంకుకి సుమారు 2 గ్రాముల కాల్షియం పడుతుంది. పెంకు ఎక్కువగా రాత్రిపూటే తయారవుతుంది, అందుకని ఆల్చిప్పల పొడి సాయంత్రం వెయ్యి. పొట్టలో అది లేకపోతే పెట్ట తన ఎముకల్లోంచి తీసి పెంకు కడుతుంది. కొన్నాళ్లకి కాళ్లు చచ్చుబడి కూలబడుతుంది.

ఎండాకాలంలో మిట్టమధ్యాహ్నం మేత వెయ్యకు. అరుగుదలకి ఒంట్లో వేడి పుడుతుంది, కోడికేమో చెమట పట్టదు. నోరు తెరుచుకుని రొప్పుతూనే ఆ వేడి దించుకోవాలి. తెల్లవారుజామునా చల్లబడ్డాకా వెయ్యి, చల్లటి నీళ్లు మాత్రం రోజంతా అందుబాటులో ఉంచు. చవగ్గా వస్తోందని ఉప్పు చేపల పొడి కొనకు. ఆ ఉప్పుకి ముందు నీళ్ల విరేచనాలు పడతాయి, తర్వాత ప్రాణం మీదికొస్తుంది.

మన తెనాలి వైపు మాగాణిలో వరి కోశాక మొక్కజొన్న వేస్తారు కదా, నువ్వు అక్కడే కొంటావని తెలుసు. కంకి కోసిన వెంటనే చౌకగా ఇస్తారు, లోపల తేమ ఉంటుంది. గింజ కొరికితే టక్కున పగలాలి. పంటికి మెత్తగా తగిలితే బస్తాలో పోయకు, ఇంకా ఎండాలి. తేమ 12, 13 శాతానికి మించితే బూజు పడుతుంది, ఆ బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, మొదట ఏ జబ్బో తెలియక వెతికి వెతికి చివరికి బ్రెజిల్ నుంచి తెచ్చిన, నూనె తీశాక మిగిలిన వేరుశెనగ చెక్కలో ఈ విషాన్ని పట్టుకున్నారు. కాలేయాన్ని తినేస్తుంది. వండినా ఉడికించినా పోదు. గేదెకి పెడితే పాలల్లోకి కూడా దిగుతుంది, ఆ పాలు తాగేది మన పిల్లలే. బూజు వాసన వచ్చిన చెక్క ఎంత ఖరీదైనా పారెయ్యి. ఈ ఒక్క చోట పిసినారితనం చేస్తే నేను ఊరుకోను.

ఇక గేదె. ఇక్కడ మీ నాయనమ్మ సంగతి చెప్పాలి. మీ నాన్న చెప్పి ఉండడు, ఆ మాట వస్తే వాడు ఇప్పటికీ లేచి వెళ్లిపోతాడు.

మీ చిన్నత్త పెళ్లి ఎండాకాలంలో జరిగింది. భోజనాలయ్యాక గంగాళాల్లో అన్నం మిగిలిపోయింది. మేమంతా పిల్లని అత్తారింట దింపడానికి వెళ్లాం. ఇంట్లో నాయనమ్మ ఉంది. అన్నం పారబోస్తే మహాపాపం అనుకునే మనిషి. గౌరి అని రెండో ఈత గేదె ఉండేది మనకి, పూటకి బిందె నింపేది. పెళ్లి హడావుడిలో దానికి సరిగ్గా మేత పడలేదన్న బాధ కూడా ఆవిడకి ఉంది. ఆ అన్నం తెచ్చి కుడితి గోలెంలో పోసింది. గౌరి ఆబగా తింది. తింటోంది కదా అని మళ్లీ పోసింది.

మర్నాడు సాయంత్రం మేము వచ్చేసరికి గౌరి తలవాల్చి నిలబడి ఉంది. నెమరు లేదు. పళ్లు పటపటా కొరుకుతోంది. ఎడం డొక్కలో పిడికిలితో నొక్కితే నీళ్లు నింపిన తోలుసంచిలాగా లోపల గలగలమంది. నోటి దగ్గర పుల్లటి వాసన. పేడ పల్చగా బూడిద రంగులో, అందులో అన్నం మెతుకులు మెతుకులుగానే ఉన్నాయి. కళ్లు అప్పటికే లోపలికి పోయాయి. డాక్టరుగారిని పిలుచుకొచ్చేసరికి రాత్రయింది. సెలైన్లు ఎక్కించారు, చేయాల్సిందంతా చేశారు. మూడో రోజు తెల్లవారుజామున పోయింది. దూడ అరుస్తూనే ఉంది, నాయనమ్మ దాని పక్కన కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది.

జరిగింది ఇదమ్మా. గేదె పెద్దపొట్టలో కోటానుకోట్ల సూక్ష్మజీవులుంటాయి. గేదె గడ్డి తిని వాటికి పెడుతుంది, అవి పులియబెట్టిన దాంతో గేదె బతుకుతుంది. గడ్డి మెల్లిగా పులుస్తుంది. అన్నం, నూకలు, పిండి చాలా వేగంగా పులుస్తాయి. ఒక్కసారి ఎక్కువ పడితే ఆమ్లం తయారుచేసే రకం గంటల్లోనే పెరిగిపోయి, గడ్డిని అరిగించే రకం చచ్చిపోతుంది. ఆ ఆమ్లం ఒంట్లోని నీళ్లని పొట్టలోకి లాగేస్తుంది. అందుకే పొట్ట గలగలమంది, కళ్లు గుంటలు పడ్డాయి.

నాయనమ్మని ఎవరం ఒక్క మాట అనలేదు. ఆవిడ మాత్రం ఆ తర్వాత ఊళ్లో ఎవరింట శుభకార్యమైనా, మిగిలిన అన్నం ఎటు పోతోందో స్వయంగా వెళ్లి చూసేది. ఎవరూ తినేట్టు లేకపోతే గొయ్యి తీయించి పూడ్పించేది. గొడ్లు అక్కడికి రాకుండా చెట్టు నీడలో కాపలా కూర్చున్న రోజులూ ఉన్నాయి.

నీ షెడ్డు రోడ్డు పక్కనే కదా, ఫంక్షన్ హాళ్లవాళ్లు ఫ్రీగా ఇస్తాం తీసుకెళ్లమంటారు. తీసుకోకు. నువ్వు వద్దన్నా పనివాళ్లు జాలిపడి పోస్తారు, అందుకని ఈ కథ వాళ్లకీ చెప్పు. ఎప్పుడైనా అలా జరిగితే వెంటనే మేత ఆపి పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చెయ్యి. వంటసోడా తాగించాలని ఎవరైనా చెబుతారు. అది మందే గానీ మోతాదు డాక్టరు చెప్పాలి. నోరు పట్టుకుని బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మామూలు రోజుల్లో పొద్దున ముందు వరిగడ్డి వెయ్యి, తర్వాతే దాణా. గడ్డి నమిలితేనే లాలాజలం ఊరుతుంది. పెద్ద పశువుకి రోజుకి వంద లీటర్లకు పైనే ఊరుతుంది, పొట్టలోని పులుపుని విరిచేది అదే. రెండు లీటర్ల పాలకి కిలో దాణా, ఒంటి పోషణకి ఇంకో కిలో, కిలోన్నర అనుకో. అదీ రెండు పూటలుగా పెట్టు. వెన్న పెరగాలని దాణా పెంచుతారు చాలామంది. పాలల్లో వెన్నకి కావాల్సిన సరుకులో చాలాభాగం గడ్డి పులిస్తేనే వస్తుంది. గడ్డి తగ్గిస్తే డెయిరీలో నీ పాల ఫ్యాట్ పడిపోతుంది. తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ కాబట్టి ఖనిజ లవణ మిశ్రమం రోజూ కలుపు. గడ్డిని యూరియాతో మాగబెట్టే పద్ధతి ఉంది, మంచిదే. మొదటి ఏడాది మాత్రం దాని జోలికి పోకు. పాళ్లు తప్పినా, గేదె యూరియా బస్తాలో మూతి పెట్టినా ప్రాణం పోతుంది. ఆ బస్తా నీ ఆవరణలోనే ఉండొద్దు.

సాయంత్రం దీపాలు పెట్టాక చావిడిలోకి వెళ్లి ఊరికే నిలబడు. పడుకున్న గేదెల్లో సగానికి పైగా నెమరేస్తూ ఉండాలి. ఆ చప్పుడు వినిపిస్తే ఆ రోజుకి నిశ్చింతగా అన్నం తిను.

జొన్న కోసిన చేలో పిలకలు పచ్చగా కనిపిస్తాయి, గేదెలు అటే లాగుతాయి. వదలకు. లేత జొన్నలో, నీళ్లందక గిడసబారిన జొన్నలో నాము ఉంటుంది. అది సైనైడే. తిన్న కాసేపటికే పడిపోతుంది, డాక్టరు వచ్చేలోపే అయిపోవచ్చు. పూత వచ్చేదాకా ఆగి కోసి వెయ్యి. గొర్రెలు కూడా తెస్తానన్నావట. అయితే వానలకి ముందే చిటుకు రోగం టీకా వేయించు. తొలకరి లేత పచ్చికని ఆబగా మేసిన మందలో ముందు బలిసిన గొర్రే పోతుంది.

ఇంత భయపెట్టానని మానుకోకు. చిన్నప్పుడు గౌరి దూడని తన చెయ్యి నాకనిచ్చి నవ్వుతూ నిలబడేవాడు మీ నాన్నే, నీకా ధైర్యం వాడి దగ్గర్నుంచే వచ్చింది. ఆ గుణం మన ఇంట్లో పోలేదని నాకు గర్వంగా ఉంది.

వచ్చేవారం నేనూ పెద్దమ్మా వస్తున్నాం. అప్పటిదాకా గేదెల్ని కొనకు. ఏ మేత మార్చినా పాతదాంట్లో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ వారం, పది రోజుల్లో మార్చాలి, ఊరు మారిన గేదెకి అది మరీ ముఖ్యం. అందుకని అమ్మేవాళ్ల దగ్గర వాళ్లు మేపుతున్న దాణా, గడ్డి కూడా పది రోజులకి సరిపడా కొనుక్కుని అదే బండిలో తెచ్చుకోవాలి. ఆ బేరం నేను మాట్లాడతాను.

నీ పెదనాన్న