పలుచని తెరచాపకు లిఫ్ట్ ఎలా వస్తుంది?

విమానం రెక్క పైభాగం ఉబ్బెత్తుగా ఉంటుంది కాబట్టి పైగాలి ఎక్కువ దూరాన్ని అంతే సమయంలో దాటవలసి వస్తుందని, అందువల్ల దాని వేగం పెరిగి పీడనం తగ్గుతుందని చదివిన మీరు, రెండు వైపులా దూరం సమానంగా ఉండే తెరచాపకు లిఫ్ట్ (ప్రవాహానికి అడ్డంగా నెట్టే బలం) ఎలా వస్తుందని అడిగారు. మీ సందేహం న్యాయమైనది. ఆ వివరణే తప్పు. ముందు అంచు వద్ద విడిపోయిన గాలిపాయలు వెనుక అంచు వద్ద ఒకేసారి కలవాలన్న నియమమేదీ లేదు. నిజానికి లిఫ్ట్ ఇస్తున్న రెక్క మీద పైపాయే ముందు చేరుతుంది.

నాకిది బోధపడింది చిన్న తెరచాప పడవ నడపడం నేర్చుకునే రోజుల్లో. తెరచాప ముందు అంచుకు కాస్త వెనుకగా, గాలి ఎలా సాగుతోందో చూపడానికి రెండు వైపులా జానెడు ఊలు దారాలు అంటించి ఉంటాయి. గాలికి ఎదురుగా ఏటవాలుగా పోతూ, ఎంత బిగిస్తే అంత వేగం వస్తుందనుకొని నేను తాడును గట్టిగా లాగి పట్టుకున్నాను. గాలి తగిలే వైపు దారం చక్కగా వెనక్కి సాగే ఉంది కాని, గాలిమరుగు వైపు దారం పైకీ కిందికీ కొట్టుకుంటూ ఒక్కోసారి ముందుకు కూడా తిరిగింది. పడవ ఒరిగిందే తప్ప వేగం అందుకోలేదు. నేర్పుతున్నాయన చెప్పగా తాడును బెత్తెడు వదిలాను. ఆ దారం గుడ్డ వెంబడి తిన్నగా సాగింది, పడవ చురుగ్గా కదిలింది.

అసలు పనిలో ఎక్కువ భాగం ఆ మరుగు వైపే జరుగుతుంది. అక్కడి గాలి గుడ్డ ఒంపును అంటిపెట్టుకొని మలుపు తిరగాలంటే దాన్ని లోపలికి నెట్టే బలం కావాలి. దూరంగా మామూలుగా ఉన్న పీడనం గుడ్డ దగ్గరికి వచ్చేకొద్దీ తగ్గడమే ఆ బలం. తక్కువ పీడనంలోకి వచ్చే గాలి వేగం పుంజుకుంటుంది, బెర్నూలీ సూత్రం చెప్పేది ఇదే. గాలిని ఒక వైపు మళ్ళించినందుకు తెరచాప రెండో వైపు నెట్టబడుతుందన్న న్యూటన్ మాట కూడా ఈ బలం గురించే, కాబట్టి రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోనక్కరలేదు. నేను తాడు బిగించినప్పుడు గాలి మలుపు తిరగలేక గుడ్డను విడిచిపెట్టింది. విమానం రెక్క ఎదురుగాలికి సుమారు 15 డిగ్రీల కోణం దాటితే జరిగే స్టాల్ ఇదే.

పడవ అడుగున నీటిలో ఉండే కీల్‌ను కూడా గమనించండి. దాని రెండు ముఖాలూ ఒకే ఆకారంలో ఉంటాయి. అయినా పడవ కొద్ది డిగ్రీలు పక్కకు జారుతూ పోవడం వల్ల నీరు దానికి ఏటవాలుగా తగిలి, తెరచాప పక్కకు నెట్టే బలాన్ని అడ్డుకునేంత లిఫ్ట్ పుడుతుంది.