ఫ్రాన్స్‌లో మనుషులే లేని ఒక ఊరికి మేయర్ ఉంటారట, నిజమేనా?

నిజమే. ఊరి పేరు ఫ్లూరీ, ఈశాన్య ఫ్రాన్స్‌లో వెర్డన్ పట్టణం పక్కన గుట్టల మీద ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు అక్కడ 400 మందికి పైగా ఉండేవారు. వ్యవసాయం, కలప పనే బతుకుతెరువు. 1916 వేసవిలో ఊరు ఫ్రెంచి, జర్మన్ సేనల మధ్య 16 సార్లు చేతులు మారింది. ఒక్క ఇల్లూ మిగల్లేదు. పేలని గుండ్లతో నిండిన నేలను మళ్లీ దున్నే వీల్లేక అడవి పెంచారు.

ఇప్పటికీ చెట్ల కింద నేలంతా గుంతలు గుంతలే, పైన గడ్డి. వాటి మధ్య చిన్న చిన్న గుర్తులు: ఇక్కడ బడి ఉండేది, ఇక్కడ ఒక రైతు ఇల్లు. పెద్ద స్మారకాల కంటే నన్ను కదిలించేవి ఇవే.

ఊరి పేరు చెరిగిపోకూడదని ఫ్రాన్స్ దాన్ని కమ్యూన్‌గానే, అంటే మన పంచాయతీ లాంటి స్థానిక పాలనా విభాగంగానే ఉంచింది. ఓటర్లు లేరు కాబట్టి మేయర్‌ను ప్రిఫెక్ట్ (ఆ ప్రాంతంలో కేంద్ర ప్రభుత్వ ప్రతినిధి) నియమిస్తారు.