రమ్మీ యాప్ తీసేసినా తమ్ముడు మళ్లీ ఆడుతున్నాడన్న ప్రశ్నకు

మీ తమ్ముడు యాప్ తీసేసిన వారానికే మళ్లీ ఆడటానికి కారణం పట్టుదల లేకపోవడం కాదు, గెలుపు ఎప్పుడొస్తుందో తెలియకపోవడం. బిళ్లను పొడిచినప్పుడు గింజ ప్రతిసారీ కాక ఎప్పుడో ఒకసారి పడితే, పావురాలు మరింత వదలకుండా పొడుస్తాయని మనస్తత్వవేత్త స్కిన్నర్ ప్రయోగాలు చూపించాయి. కొన్నాళ్లకు ఆ వేళ, ఆ చోటు ఎదురైతే చాలు, చెయ్యి ఫోన్ మీదికి పోతుంది.

చాలామంది మరిచిపోయేది ఈ వేళను కనిపెట్టడమే.

1. జీతం పడిన రాత్రా, డాబా మీద ఒంటరిగా ఉన్నప్పుడా? ఆడాలనిపించిన వేళ, చోటు రెండు వారాలు అతని చేతనే రాయించండి. తిట్టకండి, దాచడం నేర్చుకుంటాడు.

2. ఆ వేళకు ఖాతాలో ఖర్చులకు సరిపడా డబ్బే ఉంచి, ఎవరైనా అతని పక్కనుండండి.

3. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయించండి. తెలుగులో, ఉచితంగా మాట్లాడతారు. చనిపోతానన్న మాట వస్తే ఈరోజే చేయండి.