వాగు ఒడ్డున మూడు పలకల కాడ: ఇది ఏ తుంగ?

ఆకేరు వాగు ఒడ్డున నడుము ఎత్తు పెరిగిన మొక్క ఫొటో పెట్టి, "ఇది జమ్మా, తుంగా? మా పొలంలోకి పాకుతుందా?" అని అడిగారు కదా అన్నా. జమ్ము కాదు. జమ్ము కంకి వేలంత లావున గోధుమరంగు కడ్డీలా ఉంటుంది. మీ మొక్కకు కాడ చివర గొడుగు ఊచల్లా రెమ్మలు విచ్చుకున్నాయి, వాటి కింద పొడవాటి ఆకులున్నాయి. అది తుంగ జాతే.

ఖాయం చేసుకోవాలంటే కాడను బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి తిప్పండి. గడ్డి కాడ జారినట్టు తిరుగుతుంది. దీని అంచులు మాత్రం వేలికి ఒక్కొక్కటీ తగులుతాయి. బ్లేడుతో అడ్డంగా కోస్తే మూడు మూలల ముక్క, లోపల నిండుగా తెల్లటి బెండు. గడ్డికి ఉన్నట్టు కాడ పొడవునా కణుపులుండవు. అన్ని తుంగలకూ మూడు పలకలు ఉండవు, చెరువుల్లో ఆకుల్లేకుండా గుండ్రటి గొట్టాల్లా పెరిగేవీ ఈ కుటుంబంలోనివే.

ఇక్కడితో ఆగకండి, వేరు కూడా చూడండి. నాలుగేళ్ల కింద నేను చూడలేదు. చెలకలో తుంగముస్తలతో విసిగిపోయి, మా ఒర్రె ఒడ్డున ఉన్నదీ అదేననుకుని మొత్తం పీకించాను. ఆ కుప్పలోంచి ఒక కుదురు తీసి మట్టి దులిపి మా బాపు అడిగాడు: "దీనికి గడ్డ ఏది బిడ్డా?" ఒక్కటీ లేదు. జడలా అల్లుకున్న పీచు వేళ్లే. ఆ వానాకాలం పెద్ద వరదకు అక్కడి మట్టి కోసుకుపోయి గట్టు సగం ఒర్రెలో పడింది. ఇప్పటికీ అటు వెళ్తే మనసు కలుక్కుమంటుంది.

తుంగముస్తలకు, అంటే సైపరస్ రొటండస్‌కు, నేలలో సన్నటి తీగకు గుచ్చినట్టు నల్లటి గడ్డలుంటాయి. గీరితే ఘాటైన సువాసన వస్తుంది. మొక్క సాధారణంగా మోకాలు దాటదు.

మీ మొక్క ఎత్తు, గుబురు కుదురు, లేత బంగారు రంగు కంకులు చూస్తే సైపరస్ ఎక్సల్టేటస్ అనిపిస్తోంది. దాన్ని పోలిందే అలోపెక్యూరాయిడిస్ అని ఇంకోటి ఉంది. పూత మీద ఉన్నప్పుడు లెన్సుతో చూడండి: పువ్వులో కీలాగ్రం, అంటే పుప్పొడి అంటుకునే కొస, మూడుగా చీలితే ఎక్సల్టేటస్, రెండుగా చీలితే చాలావరకు అలోపెక్యూరాయిడిసే.

రెండింటికీ తుంగముస్తల్లాంటి గడ్డల గొలుసు ఉండదు కాబట్టి అలా పొలమంతా అల్లుకోవు. గింజ పడి తడి మడిలో మొలిస్తే చిన్నప్పుడే పీకేయొచ్చు. ఒక్క కుదురు తవ్వి, వేరు కడిగి, కంకి దగ్గరగా కనిపించేలా ఇంకో ఫొటో పెట్టండి. అప్పటిదాకా ఒడ్డు మీద మిగతావి పీకించకండి.